ఒకటిన్నర చుట్టు

నాన్న సంవత్సరీకం అయిన మర్నాడు, చుట్టాలందరూ వెళ్ళిపోయాక, పెరటి వసారాలో గోనెసంచులు కప్పి ఉన్న నాన్న మోటారుసైకిలు దగ్గరికి వెళ్ళాను. దాన్ని అమ్మాలా ఉంచాలా అన్న మాట ఇంట్లో ఏడాదిగా నలుగుతూనే ఉంది. నేను ఏదీ తేల్చుకుని వెళ్ళలేదు. గోనె తీసి దుమ్ము దులిపి, పాత అలవాటు కొద్దీ కింద కూర్చుని, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే కార్బొరేటర్ అడుగు గిన్నె మరలు విప్పాను. గిన్నె ఊడి చేతిలోకి రాగానే వాసన గుప్పుమంది.

పెట్రోలు వాసన కాదది. పెట్రోలు వాసన పదునుగా ఉంటుంది, వచ్చినంత తొందరగా పోతుంది. ఇది నెలల తరబడి గిన్నెలో నిలవపడి, ఎగిరిపోయేదంతా ఎగిరిపోగా మిగిలిన బంక వాసన. కొత్తగా వార్నిష్ వేసిన బీరువాలో పాత బట్టలు పెట్టి మూసేసినట్టు ఉంటుంది. గిన్నె అడుగున తేనెరంగు జిగురు, దాని మీద ఆకుపచ్చని చిలుము. ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కదలని బండిలో దానివల్ల లోహానికి తుప్పు, చిలుము పడతాయి, పాత రబ్బరు ఉబ్బుతుంది. కుళాయి కట్టేసి ఇంజను దానంతటదే ఆగేదాకా ఉంచితే గిన్నె ఖాళీ అవుతుంది. ఆ పాఠం నాన్నకు నాకన్నా ముందే తెలుసు. ఆఖరుసారి బండి దిగినప్పుడు అదే ఆఖరుసారి అని తెలియదు కాబట్టి కట్టలేదు, అంతే.

అమ్మ వంటింట్లోంచే "ఆ కంపు ఏమిటి?" అని అడిగింది. తర్వాత తనే "మేస్త్రీ కొట్టు వాసన" అంది.

*

మాది పర్లాకిమిడి. మ్యాపు చూస్తే ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు ఊరు అటు వెళ్ళింది. గిడుగు రామమూర్తి పంతులుగారు అది సహించలేక, ఇన్నాళ్ళూ పాఠాలు చెప్పిన ఊరిని విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. మా తాతకు రాజమండ్రిలో ఎవరూ లేరు. ఉన్నచోటే ఉండిపోయాడు. అలా మేము ఒడిశావాళ్ళమయ్యాం. ఊరు దాటి కొంచెం దూరం వెళితే పాతపట్నం, అక్కడి నుంచి ఆంధ్ర. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, బజారులో ఏది ముందు నోటికి వస్తే అది.

బళ్ళు బాగుచేసే మేస్త్రీ కొట్లో మాత్రం మూడు భాషలు నడిచేవి. కొండల మీంచి సంతకు దిగిన సవరలు బండి జబ్బు తమ భాషలో చెప్పేవారు. ఒడియా కుర్రాళ్ళు "మిస్త్రీ భాయి" అంటూ వచ్చేవారు. ఆయన అందరికీ "కొణ హెలా?" అన్న ఒక్క ప్రశ్న వేసి, జవాబు వినకుండా బండి కిక్కు కొట్టేవాడు. ఏమైందో బండినే అడగడం ఆయన పద్ధతి. కళ్ళు మూసుకుని, తల కాస్త పక్కకు వంచి, తప్పు పాడే శిష్యుణ్ణి వింటున్న సంగీతం మాస్టారిలా వినేవాడు. పేరు చాలామందికి తెలియదు. నేను మామయ్యా అనేవాణ్ణి. చుట్టరికమేమీ లేదు.

కొట్టు అంటే నాలుగు రేకులు, ఒక వేపచెట్టు. పక్కనే కొమ్ముపని చేసే ఇల్లు. గేదె కొమ్మును ఆకురాయితో రాసి కొంగలు, చేపలు, దువ్వెనలు చేసేవారు. ఆ రాపిడికి కాలిన వెంట్రుకల వాసన లేచేది. అది, పెట్రోలు, వేపపూత, మరుగుతున్న టీ కలిసి ఒక్క వాసన అయ్యేవి. వాటిని విడదీసి గుర్తు తెచ్చుకోవాలన్నా నాకు రాదు. ఆకురాయి బరబరల మధ్య చిన్న రైలు కూత వినబడేది. నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే చిన్నగేజి రైలు అది. రాజుగారు వేయించిన లైను, 1900లో మా ఊరికి వచ్చింది. అది ఎంత నెమ్మదంటే, దిగి మూత్రం పోసుకుని మళ్ళీ ఎక్కినవాళ్ళ కథలు ప్రతి ఇంట్లోనూ ఒకటుండేది. 2004లో దాన్ని ఆపేసి పెద్ద పట్టాలు వేశారు. అంతకు ముందు మేస్త్రీ దాన్ని గడియారంగా వాడుకునేవాడు. "సాయంత్రం బండి కూసేలోపల ఇచ్చేస్తాను" అంటే ఇచ్చేసేవాడు. రైలు ఆలస్యమైతే ఆయనకూ కాస్త వెసులుబాటు.

*

ఆదివారాలు నాన్నతో వెళ్ళి, నాన్న వెళ్ళిపోయాక కూడా అక్కడే ఉండిపోయేవాణ్ణి. మొదటి ఏడాది నాకు దక్కిన పని టీ తేవడం. రెండో ఏడాది డాల్డా డబ్బా. సగానికి కోసిన డబ్బాలో రెండు వేళ్ళ లోతు పెట్రోలు పోసి, విప్పిన కార్బొరేటర్ అందులో ముంచి, పాత పళ్ళ బ్రష్షుతో తోమడం.

విప్పడం మాత్రం చాలాకాలం నా చేతికి ఇవ్వలేదు. ఆ మరలు జపాను మరలు. చూడటానికి మామూలు ప్లస్ గుర్తు మరల్లాగే ఉంటాయి కానీ గాడి కోత వేరు. బజారు స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే జారి తల నలిగిపోతుంది. మేస్త్రీ దగ్గర మొన అరగదీసుకున్న స్క్రూడ్రైవర్ ఒకటి ఉండేది. దాన్ని ఎవరికీ ఎరువివ్వడు. దాని పిడికి ఎర్ర దారం చుట్టి ఉండేది, దిష్టికో గుర్తుకో.

పైమూత తిప్పితే తీగతోపాటు పిస్టన్ లాంటి స్లైడు బయటికి వస్తుంది. దానికి వేలాడుతూ సన్నని సూది. సూది తలకాయ దగ్గర గాళ్ళు, వాటిలో ఒకదానికి చిన్న లాకు. కింద గిన్నె విప్పితే ఫ్లోటు, దాన్ని పట్టుకున్న పిన్ను, బియ్యపుగింజంత వాల్వు. పెట్రోలు నిండగానే ఫ్లోటు తేలి వాల్వును మూస్తుంది, తగ్గగానే తెరుస్తుంది. మా అమ్మ నీళ్ళ తొట్టి దగ్గర నిలబడి చేసే పని అది ఒంటరిగా చేసుకుంటుంది. అది సరిగ్గా మూసుకుంటోందా లేదా అని చూడటానికి మేస్త్రీ కార్బొరేటర్‌ను తలకిందులుగా పట్టుకుని పెట్రోలు గొట్టంలో నోటితో ఊదేవాడు. గాలి పోకూడదు. పోయిందంటే ఆ బండి రాత్రంతా ఇంటి ముందు పెట్రోలు కారుస్తుంది.

మధ్యలో రెండు ఇత్తడి జెట్లు. పెద్దది మెయిన్ జెట్టు. చిన్నది, లోపలికి దిగి దాక్కునేది, స్లో జెట్టు. బండి నిలబడి ఉన్నప్పుడు, నెమ్మదిగా పోతున్నప్పుడు ఇంజను తాగేదంతా ఆ చిన్నదాని రంధ్రంలోంచే. ఆ రంధ్రం ఎంత ఉంటుందంటే, జెట్టును ఆకాశానికి పెట్టి ఒక కన్ను మూసి చూస్తే వెలుగు చుక్క ఒకటి కనబడుతుంది. గుండుసూది గుచ్చినంత కూడా ఉండదు.

"ఏమి కనబడుతోంది బాబూ?"

"ఏమీ లేదు మామయ్యా."

"అయితే ఊదు."

ఊదేవాణ్ణి. నాలుక మీద పెట్రోలు చేదు, ఇత్తడి పులుపు. సైకిలు పంపుతో కొట్టేవాణ్ణి. అప్పటికీ వెలుగు రాకపోతే మేస్త్రీ గూట్లోంచి కాగితం పొట్లం తీసేవాడు. అందులో గేదె తోక వెంట్రుకలు. మధ్యాహ్నం తిండికి ఇంటికి వెళ్ళినప్పుడు తన గేదె దగ్గరే పీక్కొచ్చేవాడు. వెంట్రుకను రంధ్రంలో పెట్టి రెండు వేళ్ళ మధ్య తిప్పుతూ లాగితే జిగురు ఊడి వచ్చేది.

"తీగ పెట్టకూడదు. సూది అసలే పెట్టకూడదు. ఇత్తడి మెత్తన. గీత పడితే రంధ్రం పెద్దదవుతుంది. పెద్దదైన రంధ్రాన్ని చిన్నది చేసే మేస్త్రీ ఇంకా పుట్టలేదు."

క్లచ్ తీగలోంచి ఒక పోగు పీకి జెట్టులో పొడిచే మెకానిక్కులను ఆ తర్వాత నేను చాలా ఊళ్ళలో చూశాను. చూసినప్పుడల్లా వీపు మీద ఎవరో గిల్లినట్టుంటుంది. ఎందుకో చెబుతాను.

*

నాన్న బండి ఆర్ఎక్స్ హండ్రెడ్. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైన 98 సీసీల యమహా. ఊళ్ళో కుర్రాళ్ళు దాని మీద కోట చుట్టూ ఎగిరిపోతుంటే, నాన్న ఒక బ్యాంకు ఉద్యోగి దగ్గర పాతది కొని, ముప్ఫై కిలోమీటర్ల వేగంతో, చెవులకు మఫ్లర్ చుట్టుకుని, రామగిరి దారిలో కొండమీది బడికి లెక్కలు చెప్పడానికి వెళ్ళేవారు. పందెపు గుర్రాన్ని నీళ్ళబండికి కట్టినట్టు. రెండు స్ట్రోకుల ఇంజను అలా నడిస్తే నూనె సరిగా కాలక ప్లగ్గు నల్లబడుతుంది, సైలెన్సరులో మసి పేరుకుంటుంది. మేస్త్రీకి అది పెద్ద బాధ.

"మాస్టారూ, నెలకొకసారైనా దీని గొంతు విప్పండి."

"నాకు తొందర లేదు."

"మీకు లేకపోవచ్చు, బండికి ఉంది కదా."

నెలకొకసారి ప్లగ్గు విప్పి చూపించేవాడు. నల్లగా మసిబట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా పాలిపోయి ఉంటే తక్కువ, ఇంజను కాగిపోతుంది. వేయించిన జీడిపప్పు రంగు రావాలి. పలాస మాకు దూరం కాదు కాబట్టి ఆ రంగు గురించి ఎవరికీ సందేహం ఉండేది కాదు.

కొండ ఎక్కితే గాలి పలచబడుతుంది. అదే పెట్రోలుకు అక్కడ గాలి తక్కువవుతుంది, బండి బరువుగా ఊపిరి తీస్తుంది. శివరాత్రికి మహేంద్రగిరి వెళ్ళేవాళ్ళు ముందురోజు కొట్టు ముందు వరస కట్టేవారు. శిఖరం 1501 మీటర్లు. బండి పోగలిగినంత మేర బండి మీద పోయి ఆ పైన నడక. మేస్త్రీ ఒక్కొక్కరి స్లైడు తీసి సూది లాకును ఒక గాడి పైకి మార్చేవాడు. లాకు పైకి జరిగితే సూది కిందికి దిగుతుంది, పెట్రోలు దారి ఇరుకవుతుంది. తిరిగొచ్చాక మళ్ళీ పాత గాడిలోకి. దానికి డబ్బు తీసుకునేవాడు కాదు, ప్రసాదం తీసుకునేవాడు. ఎంత తేడా వచ్చేదో నాకు తెలియదు కానీ, ఆ ఒక్క గాడి తమను శివుడి దాకా చేర్చిందని నమ్మినవాళ్ళు మా వీధిలోనే నలుగురున్నారు.

నాన్న పగలు ఒడియాలో లెక్కలు చెప్పి, రాత్రి తెలుగులో లెక్కలు రాసుకునేవారు. పాలు, ఉప్పు, చందా, పోస్టుకార్డు, అన్నీ. పెట్రోలుకు వేరే పేజీ. ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లు, లీటరుకు ఎంత. తెలుగు మీద ఆయనకు వల్లమాలిన ప్రేమ, ఇక్కడ అడిగేవాళ్ళు లేకపోవడం వల్ల ఇంకాస్త ఎక్కువ. ఒకసారి కార్బొరేటర్ భాగాలన్నిటికీ తెలుగు పేర్లు పెట్టి కాగితం మీద రాసుకొచ్చి మేస్త్రీకి చదివి వినిపించారు. ఫ్లోటు తెప్ప. జెట్టు సూక్ష్మరంధ్రిక. మేస్త్రీ ఆసాంతం శ్రద్ధగా విన్నాడు.

"బాగున్నాయి మాస్టారూ. కానీ బరంపురం కొట్లో సూక్ష్మరంధ్రిక ఇమ్మంటే సూదులమ్మే వీధికి పంపిస్తారు."

నాన్న నవ్వి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. జనం ఆడే మాటే భాష అని వాదించిన గిడుగువారి ఊళ్ళో మేస్త్రీతో ఆ వాదన గెలవడం కష్టమని ఆయనకూ తెలుసు.

*

రథయాత్రకు మేస్త్రీ నాలుగు రోజులు కొట్టు మూసేశాడు. సరిగ్గా అప్పుడే నాన్న బండి స్లో నిలవడం మానేసింది. కిక్కు కొడితే అందుకుంటుంది, రేజు వదలగానే చచ్చిపోతుంది. నాన్న దాన్ని వసారాలో పెట్టి బస్సులో బడికి వెళ్ళారు.

నాకు అప్పటికి పదమూడేళ్ళు. డాల్డా డబ్బా నుంచి స్క్రూడ్రైవర్‌కు ఎప్పుడెప్పుడు ఎదుగుతానా అని చూస్తున్న వయసు. ఇంట్లో ఎవరూ లేని వేళ చూసి కార్బొరేటర్ విప్పేశాను. మరల తలలు రెండు నలిగాయి. స్లో జెట్టు బిగుసుకుని రాలేదు. కుట్టుమిషను స్క్రూడ్రైవర్ పెట్టి బలంగా తిప్పితే, జెట్టు తల మీది గాడి ఒకవైపు అంచు చితికి పక్కకు ఒరిగింది. ఎలాగో బయటికి తీశాను. ఆకాశానికి పెట్టి చూశాను. చీకటి. ఊదాను. చీకటే. గేదె తోక ఎక్కడ తేను? అమ్మ దిండుకు గుచ్చుకున్న కుట్టు సూదుల్లో అన్నిటికన్నా సన్నది తీశాను.

మొన దిగింది. కొంచెం తిప్పాను. ఇంకొంచెం. ఉన్నట్టుండి మెత్తగా లోపలికి జారింది. ఆ జారడం నా వేలికి ఇప్పటికీ గుర్తు. వెలుగు చుక్క కనబడింది, బ్రహ్మాండంగా, కనబడవలసిన దానికన్నా పెద్దదిగా. సూది లాగితే మొన వంగి వచ్చింది. దాన్ని అలాగే దిండుకు గుచ్చేశాను.

బండి మొదటి కిక్కుకే అందుకుంది. స్లో కూడా నిలబడింది, కాకపోతే గురక పెడుతున్నట్టు. సాయంత్రం నాన్న వచ్చి చూసి "ఏమి చేశావు?" అన్నారు. "ఏమీ లేదు, తనే బాగుపడింది" అన్నాను. బళ్ళు తమంతట తాము బాగుపడతాయని లెక్కల మాస్టారికి చెప్పాను.

ఆ తర్వాత కొన్ని వారాలు నరకం. బండి వెనక నీలం పొగ దట్టమైంది. ప్లగ్గు వారానికొకటి నల్లబడింది. రాత్రుళ్ళు నాన్న పెట్రోలు పేజీ ముందు కూర్చుని "నలభై రెండు వచ్చేది, ముప్ఫై నాలుగుకు దిగింది" అని తనలో తను అనుకుంటుంటే, నేను చరిత్ర పుస్తకంలో తల పెట్టుకుని ఉండేవాణ్ణి. ఆయన నడిపే తీరుకు బండి బతుకంతా స్లో జెట్టు మీదే. తెలిసి తెలిసి సరిగ్గా అక్కడే గుచ్చాను. తర్వాత ఒక ఆదివారం బండి మేస్త్రీ దగ్గరికి వెళ్ళింది. నేను కడుపునొప్పి అని ఇంట్లో ఉండిపోయాను. తిరిగొచ్చాక పొగ తగ్గింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఆ తర్వాతి ఆదివారం భయపడుతూ కొట్టుకు వెళితే, మేస్త్రీ ఎర్ర దారం చుట్టిన స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి, "విప్పు, నేను చూస్తూ ఉంటాను" అన్నాడు. పెద్దవాణ్ణయ్యాననుకున్నాను.

ఆ రోజే నేర్పాడు, స్లోలో కలిసే గాలిని సరిచేసే ఎయిర్ స్క్రూ. పూర్తిగా బిగించాలి, కానీ అదమకూడదు. తగిలిందని వేలికి తెలియగానే ఆగాలి. అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు వెనక్కి. తర్వాత బండి చెప్పినట్టు అటో ఇటో అరపావు.

*

మేస్త్రీ పోయి చాలా ఏళ్ళయింది. కొట్టు ఉన్నచోట సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. వేపచెట్టు ఉంది. అక్కడి కుర్రాడు కూడా కంటికి భూతద్దం బిగించుకుని, బియ్యపుగింజంత భాగాలను బ్రష్షుతో తుడుస్తున్నాడు. కాసేపు నిలబడి చూశాను. విశాఖలో నా స్కూటరుకు కార్బొరేటర్ లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి కాలుష్య నిబంధనలు మారడంతో కొత్త బళ్ళలో దాని స్థానంలోకి ఇంజెక్షన్ వచ్చేసింది. ఎంత పెట్రోలు పోయాలో కంప్యూటరే లెక్క కడుతుంది, కొండ ఎక్కినా సరే. మంచి బండి. దాని జబ్బు వినడానికి ఎవరూ కళ్ళు మూసుకోరు.

వసారాలో కూర్చుని జెట్లు బయటికి తీశాను. ఈసారి నాతో సరైన స్క్రూడ్రైవర్ ఉంది. స్లో జెట్టు అరచేతిలో పెట్టుకుని గుడ్డతో తుడిచాను. గాడి అంచులు రెండూ నిటారుగా, పదునుగా ఉన్నాయి. చితికిన వైపు లేదు.

కాసేపు అలాగే కూర్చున్నాను. అంటే మార్చేశాడు. నాన్నకు చెప్పకుండా, నన్ను పట్టివ్వకుండా, తన డబ్బుతో కొత్త జెట్టు వేసేశాడు మేస్త్రీ. ఆ తర్వాతి ఆదివారమే నా చేతికి స్క్రూడ్రైవర్ ఎందుకిచ్చాడో అప్పుడు అర్థమైందనుకున్నాను. రాత్రంతా ఆ మనిషిని తలుచుకుంటూనే ఉన్నాను. జెట్లను అమ్మ ఇచ్చిన చింతపండు నీళ్ళలో నానబెట్టి పడుకున్నాను. పొద్దునకి బంగారంలా ఉన్నాయి.

ఉదయం అమ్మ నాన్న పుస్తకాల పెట్టె తెరిపించింది. ఏవి ఉంచాలో ఏవి గ్రంథాలయానికి ఇవ్వాలో చూడమంది. లెక్కల పుస్తకాలు అట్టల మీద ఏడాది వేసి వరసగా ఉన్నాయి. ఆ ఏడాది దొరికింది. పెట్రోలు పేజీ తీశాను. నలభై రెండు, నలభై ఒకటి, ముప్ఫై నాలుగు, ముప్ఫై నాలుగు, ముప్ఫై మూడు. తర్వాత మళ్ళీ నలభై రెండు. ఆ ఆదివారం ఖర్చుల పేజీకి వెళ్ళాను. నీలం సిరా, గుండ్రని అక్షరాలు.

కూరలు, 6-50.
మేస్త్రీకి జెట్టు, 14-00.
టీ రెండు, 1-00.
కుట్టు సూదులు, ఒక పొట్లం, 0-50.